పోతన గారికి తాళం

గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడిన ఊరు మా పర్లాకిమిడి. వాడుక షరతులు చదవడం మాత్రం ఆయన మాకు నేర్పకుండానే వెళ్ళిపోయారు. ఆ లోటు తీర్చే బాధ్యతను ఇప్పుడు మా బజారులోని ఒక డీటీపీ కేంద్రం నెత్తిన వేసుకుంది.

మేనకోడలి శుభలేఖ అచ్చు వేయించడానికి వెళ్ళాను. ఒక పక్క తెలుగు, రెండో పక్క ఒడియా. ఇక్కడ పెళ్ళికి చుట్టాలు రెండు లిపుల్లో వస్తారు. తెలుగు అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి, ఆ ఫాంటు నాకూ ఇమ్మన్నాను. "అది మా సొంతం. రెండు వందలు. మరెవరికీ ఇవ్వనని సంతకం పెట్టాలి" అన్నారు యజమాని. తెర మీద దానికి ఆయన రెండో అమ్మాయి పేరు ఉంది. ఒత్తుల వంపు చూడగానే నాకు పాత పరిచయం గుర్తొచ్చింది. అది పోతన.

తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించి, ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకునే వీలిచ్చే జీపీఎల్ లైసెన్సు కింద లోకానికి వదిలిన ఫాంటు అది. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వలేదని జనం చెప్పుకునే కవి పేరు పెట్టుకున్న అక్షరాలు చివరికి డీటీపీ కొట్టుకు అంకితమయ్యాయి.

తొందరపడి ఆయనను తప్పుపట్టకండి. డబ్బు తీసుకోవడం నేరం కాదు. జీపీఎల్ అమ్మకాన్ని నిషేధించదు. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకటే మాట కావడం వల్ల, ఆ లైసెన్సు రాసిన రిచర్డ్ స్టాల్‌మన్ దశాబ్దాలుగా ఆ తేడా వివరిస్తూనే ఉన్నారు. మనకు రెండు మాటలు విడివిడిగా ఉన్నాయి. అయినా ఎంతో శ్రమపడి కలిపేసుకున్నాం. ఊరికే దొరికింది కనుక ఎవరిదీ కాదు, ఎవరిదీ కాదు కనుక మాది. తర్కశాస్త్రం చదివినవారు కూడా ఇంత సులువుగా గట్టెక్కలేరు.

లైసెన్సు కోరేది కొంచెమే. కాపీరైటు పేరు చెరపకు, మార్చితే మార్చానని చెప్పు, మూలం అందుబాటులో ఉంచు, నీకు దక్కిన హక్కులు అవతలివారికీ దక్కనివ్వు. మా కేంద్రం వీటిలో ఒక్కటీ వదలకుండా అన్నీ ఉల్లంఘించింది. అంత క్రమశిక్షణ అందరికీ అబ్బదు.

పెళ్ళివారికి ఒక ధైర్యం చెప్పాలి. ఈ ఫాంటు వాడిన పత్రానికి జీపీఎల్ అంటుకోకుండా లైసెన్సులో ప్రత్యేక మినహాయింపు ఉంది. లేకపోతే శుభలేఖ అందుకున్న ప్రతివారూ మూలప్రతి అడిగి, వరుడి పేరు మార్చి, మళ్ళీ పంచుకుందురు.

1991 నాటి రెండో జీపీఎల్ కోపిష్ఠిది, షరతు తప్పగానే హక్కు రద్దు చేస్తుంది. 2007 నాటి మూడోది కాస్త మెత్తబడి, తొలిసారి తప్పినవారు నోటీసు అందిన 30 రోజుల్లో దిద్దుకుంటే మన్నిస్తుంది. ఇవన్నీ ఉత్త కాగితాలేనన్న వాదనకు 2008లో అమెరికా అప్పీలు కోర్టు ఒకటి అడ్డుపడింది. ఇలాంటి లైసెన్సుల షరతులు మీరితే అది కాపీరైటు ఉల్లంఘన కిందికి వస్తుందని చెప్పింది. ఆ వ్యాజ్యం బొమ్మ రైళ్ళు నడిపే సాఫ్ట్‌వేరు గురించి! నౌపడ నుంచి మా ఊరికి నిజమైన చిన్న రైలే వందేళ్ళకు పైగా నడిచింది. ఇంత న్యాయశాస్త్రం ఏనాడూ మోసుకురాలేదు.

ఇదంతా విన్న యజమాని చలించలేదు. "రెండు రాష్ట్రాలూ మావేనంటున్న కొటియా గ్రామాల్లో ఒకే ఇంటికి ఆంధ్ర కార్డూ ఒడిశా కార్డూ లేవా? దీనికీ రెండు లైసెన్సులు. ఆచార్యులవారిది ఒకటి, నాది ఒకటి" అన్నారు. జంట లైసెన్సు ఉన్న మాట నిజమే. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేరు జీపీఎల్ కిందా దొరుకుతుంది, డబ్బు కడితే వేరే ఒప్పందం కిందా దొరుకుతుంది. కాని ఆ రెండో ఒప్పందం రాసే అధికారం హక్కుదారుది, పక్క కొట్టువారిది కాదు. ఆ మాటే చెప్పి, లైసెన్సు మొత్తం అచ్చు తీసి చేతిలో పెట్టి వచ్చాను.

వారం తరువాత శుభలేఖల కోసం వెళితే కొత్త బోర్డు కనిపించింది. "పోతన: స్వేచ్ఛా ఫాంటు. ఎందరికైనా పంచుకోవచ్చు. పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించడానికి ఐదు వందలు." ప్రతిని చేతికందించే పనికి రుసుము తీసుకోవచ్చన్న వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, నేనిచ్చిన కాగితాన్నే పక్కన అంటించారు.

ఐదు వందలూ ఇచ్చాను. రసీదు పోతన ఫాంటులోనే ఉంది.