క్లీనర్ సీటు ఖాళీ, కిస్తీ మాత్రం నెలనెలా

సొంత లారీ కొని తామే నడుపుకోవాలనుకునే కుర్రాళ్లు నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఊరికొకరైనా కనిపిస్తారు. అందులో వింతేమీ లేదు. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు, హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి). ఒకపక్క విజయవాడ పోయే 65వ నంబరు హైవే, ఇంకోపక్క బెంగళూరు పోయే 44. రెండింటినీ కలుపుతూ జడ్చర్ల నుంచి కల్వకుర్తి, మిర్యాలగూడ మీదుగా కోదాడ దాకా 167. సరుకుంది, రోడ్డుంది, డౌన్ పేమెంట్ కడితే మిగతాది అప్పిచ్చే ఫైనాన్స్ ఆఫీసు ఉంది. ఒకరి దగ్గర జీతానికి నడిపే బదులు మన బండి మనం నడుపుకుంటే పోలా అనిపించడం సహజమే.

ఆ ఆశను నేను తప్పుపట్టను. నా బాధల్లా బండి నడపడం నేర్చుకోవడం, కిరాయి వ్యాపారం నేర్చుకోవడం, అప్పు తీర్చడం మూడూ ఒకే నెలలో మొదలవుతున్నాయనే.

ఇదివరకు లారీ ఓనరయ్యేవాడు ముందు క్లీనర్‌గా బండెక్కేవాడు. టైర్లు తట్టి గాలి చూడటం, లోడు మీద పట్టా కప్పి తాళ్లు బిగించడం, రివర్సు చేసేటప్పుడు వెనక నిలబడి "రానీ, రానీ" అని కేకెయ్యడం అతని పని. కొన్నాళ్లకు బంకులో ఖాళీ బండిని పక్కకు పెట్టమనేవారు. ఆ తర్వాత తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద కొంతదూరం. లోడు బండి చేతికొచ్చేసరికి ఏళ్లు గడిచేవి. జీతం అంతంతే, తిట్లు మాత్రం దండిగా. చదువుకోవాల్సిన వయసులో బండెక్కిన పిల్లలూ ఉన్నారు, దాన్ని గొప్పగా చెప్పుకోనక్కర్లేదు. అయినా ఆ పక్క సీటులోనే పని వచ్చేది. కిరాయిలు గిట్టుబాటు కాక ఓనర్లు ముందుగా కోసేసిన ఖర్చు క్లీనర్‌దే. ఇవాళ హైవే మీద పోయే లారీల్లో చాలావాటిలో ఆ సీటు ఖాళీ. దాని స్థానంలోకి వేరే ఏ ఏర్పాటూ రాలేదు.

చట్టం అడిగేది చాలా తక్కువ. మోటారు వాహనాల చట్టం ప్రకారం 20 ఏళ్లు నిండి, కారు లైసెన్సు తీసుకుని ఏడాదైతే రవాణా వాహనానికి లెర్నర్స్ తీసుకోవచ్చు. 2019లో ఎనిమిదో తరగతి నిబంధన కూడా ఎత్తేశారు. అది మంచి పనే, బడికి పోనివాడికీ బతుకుదెరువు కావాలి. డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెట్, ట్రాక్ మీద పరీక్ష అయ్యాక చేతికొచ్చే హెవీ లైసెన్సుతో బండి, లోడు కలిపి 28.5 టన్నుల స్థూల బరువుండే పది టైర్ల లారీని దేశమంతా తిప్పొచ్చు. లోడు బండి దిగుడులో ఎలా ఉంటుందో ఆ ట్రాక్ మీద తెలియదు.

అచ్చంపేట దాటి మన్ననూరు మీదుగా శ్రీశైలం పోయే దారినే తీసుకోండి. ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగుడు మొదలవుతుంది. సీనియర్ డ్రైవర్ దిగుడు రాకముందే గేరు తగ్గించి, ఇంజన్ పట్టు మీద బండిని దించుతాడు, బ్రేకును అవసరానికే వాడతాడు. కొత్తవాడు పై గేరులోనే దిగి ప్రతి మలుపులోనూ బ్రేకు తొక్కుతాడు. నాలుగైదు మలుపులయ్యేసరికి బ్రేకు డ్రమ్ములు వేడెక్కి లైనర్ కాలిన వాసన వస్తుంది. పదేపదే తొక్కడంతో బ్రేకుల గాలి ఒత్తిడి చూపే ముల్లు కిందికి జారుతుంది. అప్పుడు గేరు తగ్గిద్దామన్నా బండి వేగానికి పడదు. ఈ సంగతి పుస్తకంలో చదివితే రెండు నిమిషాల పని. కాలికి అలవాటు కావాలంటే మాత్రం పక్కన తెలిసిన మనిషి ఉండాలి.

ఇక డబ్బు సంగతి. ఫైనాన్స్ వాళ్లు "పది శాతం ఫ్లాట్" అంటే చాలామందికి చవకగా వినిపిస్తుంది. 10 లక్షలు నాలుగేళ్లకు తీసుకుంటే వడ్డీ 4 లక్షలు, నెలకు 29 వేల పైచిలుకు కిస్తీ. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మొత్తం 10 లక్షల మీదే పడుతుంది కాబట్టి నిజంగా పడే వడ్డీ రేటు 17 శాతం దాటుతుంది. కొత్త పది టైర్ల బండికి తీసుకునే అప్పు దీనికి ఎన్ని రెట్లుంటుందో వేసుకోండి. 2025 సెప్టెంబర్‌లో లారీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గి కొంత ఊరట వచ్చిన మాట నిజమే. దాంతో డౌన్ పేమెంట్ అందుబాటులోకి వచ్చి, తొందరపడేవాళ్లూ పెరుగుతారు. కిస్తీ పైన ఇన్సూరెన్స్ ఉంది. 20 నుంచి 40 టన్నుల బండికి 2022లో ఖరారు చేసిన థర్డ్ పార్టీ ప్రీమియమే ఏడాదికి 43,950 రూపాయలు, పన్ను అదనం. ఆ తర్వాత క్వార్టర్లీ టాక్స్, నేషనల్ పర్మిట్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), టైర్లు, టోల్.

జడ్చర్ల నుంచి బెంగళూరు దాదాపు 500 కిలోమీటర్లు. లోడు మీద లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బండికి పోవడానికే 125 లీటర్లు. డీజిల్ లీటరు 95 రూపాయలు వేసుకున్నా దగ్గరదగ్గర 12 వేలు. తిరుగు లోడు దొరక్కపోతే ఖాళీగా రావడానికీ డీజిల్ పోయాల్సిందే. అక్కడే పాతవాడికీ కొత్తవాడికీ తేడా తెలుస్తుంది. పాతవాడు ఇక్కడ లోడు ఎత్తకముందే అక్కడి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులకు ఫోన్ చేస్తాడు, కర్ణాటకలో డీజిల్ చవక కాబట్టి ట్యాంకు అక్కడ నింపుతాడు. సరుకు ముట్టినట్టు సంతకం చేసిన కాగితం తేగానే కిరాయి బ్యాలెన్స్ ఇచ్చే బ్రోకర్ ఎవరో, నెల తిప్పించుకునేదెవరో అతనికి తెలుసు. సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం, అంటే ఈ-వే బిల్లు, 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన చెల్లుతుందనీ, దారిలో బండి చెడితే గడువుకు ఎనిమిది గంటల ముందు గానీ తర్వాత గానీ పొడిగించుకోవాలనీ తెలుసు. అది తెలియక తనిఖీలో దొరికితే సరుకుతోపాటు బండీ ఆగిపోతుంది. బండి ఆగినా కిస్తీ ఆగదు.

వడ్ల సీజన్‌లో ఇంకో పరీక్ష. కొనుగోలు కేంద్రంలో బస్తాలు ఎత్తుకుని మిల్లుకు పోతే ముందు బారులు తీరిన లారీలుంటాయి. తేమ ఎక్కువుందని, తరుగు తీయాలని రైతుకూ మిల్లుకూ పంచాయితీ నడుస్తుంటే బండి గేటు బయటే ఉంటుంది. ఆ నిలిచిన రోజులకు ఎవరు ఇస్తారో ముందే మాట్లాడుకోని కొత్త ఓనర్ ఆ నష్టం తన మీదే వేసుకుంటాడు.

ఆ నష్టం పూడ్చుకోవడానికి రెండు దారులు కనిపిస్తాయి, రెండూ ప్రమాదమే. ఒకటి కాంటా మీద రెండు మూడు టన్నులు ఎక్కువ ఎత్తడం. 2019 సవరణ తర్వాత చట్టంలో దీనికి 20 వేల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకూ ఇంకో 2 వేలు. బ్రేకుల మీద పడే భారం దీనికి అదనం. రెండోది నిద్ర మానుకోవడం. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం 2025లో రద్దయ్యేదాకా రోజుకు ఎనిమిది గంటలే పని అనేది. అదీ ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలకే వర్తించేది. తన బండి తానే నడుపుకునేవాడిని ఇక పడుకొమ్మని చెప్పే ఓనర్ లేడు, పక్కన లేపే క్లీనరూ లేడు. తెల్లవారుజామున మూడు గంటలకు సూర్యాపేట దాటుతున్న ఆ కుర్రాడి గురించే నా భయమంతా. అతని ముందు పోయే బైకు, ఆటో కూడా మనవాళ్లవే.

జీతం మీద నడిపితే డౌన్ పేమెంట్‌కు ఎప్పటికి కూడబెట్టేది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. డ్రైవర్ జీతాలు అలాగే ఉన్నాయి. కానీ ఎకరం అమ్మిన డబ్బు చేతిలో ఉన్నవాడికి ఇంకో దారుంది. బండి కొననీ, మొదటి ఏడాది సీనియర్ డ్రైవర్‌ను పెట్టుకుని తన బండికి తానే క్లీనర్‌గా ఎక్కనీ. జీతం, బత్తా పోతాయి, మిగులు దాదాపు ఉండదు. అందుకని మొత్తం డబ్బు డౌన్ పేమెంట్‌కు ధారపోయకుండా ఆరు నెలల కిస్తీలు విడిగా దాచుకోవాలి. అంత మిగలకపోతే ఆ బండి తనకు పెద్దదని అర్థం. అలాంటివాడు చిన్న బండితో మొదలుపెట్టొచ్చు. 7,500 కిలోల లోపు స్థూల బరువున్న రవాణా వాహనాన్ని కారు లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. జిల్లా లోపల కూరగాయలు, ఎరువులు, సిమెంటు దుకాణాల లోడ్లతో రెండేళ్లు తిరిగితే కిరాయి బేరం, కాగితాలు, మనుషులు అన్నీ తెలుస్తాయి. తప్పు జరిగినా పోయేది తక్కువ.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. దళితబంధు 10 లక్షల సాయంతో చాలామంది వాహనాలే ఎంచుకున్నారు. అలాంటి పథకాల్లో బండి ఇచ్చి చేతులు దులుపుకోకుండా, సాయంలో కొంత భాగాన్ని మొదటి ఏడాది పక్కన కూర్చునే సీనియర్ డ్రైవర్ జీతానికి కేటాయించాలి. సిరిసిల్ల జిల్లా మండెపల్లిలో డ్రైవింగ్ శిక్షణ కేంద్రం ఉంది. అచ్చంపేట కుర్రాడికీ, దేవరకొండ తండా కుర్రాడికీ అది చాలా దూరం. లోడు బండి మీద, ఘాట్ మీద నేర్పే అలాంటి కేంద్రం దక్షిణ తెలంగాణకు ఒకటి కావాలి, నేర్చుకునే నెలల్లో ఇల్లు గడిచేలా భృతి కూడా ఉండాలి. ఫైనాన్స్ సంస్థలు అప్పిచ్చే ముందు పొలం కాగితాలు, జామీను అడుగుతాయి గానీ ఎన్నేళ్లు లోడు బండి నడిపావని గట్టిగా అడగవు. అనుభవం లేనివాడికి మొదటి ఆరు నెలలు వడ్డీ మాత్రమే కట్టించుకుని, అసలు ఆ తర్వాత మొదలుపెట్టమని బ్యాంకర్ల సమావేశాల్లో కలెక్టర్లు అడగొచ్చు. లారీ అసోసియేషన్లు సీరియల్‌లో, అంటే వరస నంబరు ప్రకారం, లోడు ఇచ్చేటప్పుడు కొత్త ఓనర్ బండిని పాత బండి వెనకే పంపే పద్ధతి పెట్టుకోవచ్చు. దానికి జీవో అక్కర్లేదు, వచ్చే వానాకాలం వడ్ల సీజన్ నుంచే మొదలుపెట్టొచ్చు.