గ్రాన్యూల్ ఒక్కటే చాలదు
మురుగునీటి శుద్ధి ట్యాంకులో గ్రాన్యులర్ స్లడ్జ్ (బ్యాక్టీరియా గింజల్లా గట్టిపడిన బురద) ఏర్పడితే మురుగులోని నైట్రోజన్, ఫాస్ఫరస్ వాటంతటవే పోతాయన్న మాట ఒప్పుకోలేను. గ్రాన్యూల్ పైపొరలో అమ్మోనియా నైట్రేట్ అవుతుంది, ఆక్సిజన్ అందని లోపలి పొరలో ఆ నైట్రేట్ వాయువై పోతుంది. గాలి పంపే బ్లోయర్ తగ్గించకుండా నడిపి డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) లీటరుకు 4 మిల్లీగ్రాములు దాటిస్తే ఆక్సిజన్ లోపలికి చొచ్చుకుపోతుంది. అమ్మోనియా రిపోర్టు బాగుంటుంది, నైట్రేట్ మిగిలిపోతుంది. డీవో 2 దగ్గర ఆపి చూడాలి. ఆ మిగిలిన నైట్రేట్, ట్యాంకు మళ్లీ నింపే తర్వాతి సైకిల్‌లో ఫాస్ఫరస్ పీల్చుకునే బ్యాక్టీరియాకు ఆహారంగా దక్కాల్సిన, మురుగులోని కొవ్వు ఆమ్లాలనూ ఖర్చు చేయిస్తుంది. హైదరాబాద్‌లో వాననీళ్లు డ్రైనేజీలో కలిసి మురుగు పలచబడే జూలై, ఆగస్టుల్లో ఆ ఆమ్లాలు అసలే తక్కువ. పైగా, పీల్చుకున్న ఫాస్ఫరస్ బయటికి పోయేది తీసేసే స్లడ్జ్‌తోనే. గ్రాన్యూల్స్ పోతాయన్న భయంతో స్లడ్జ్ తీయడం మానేస్తే ఫాస్ఫరస్ మళ్లీ నీళ్లలోకే వస్తుంది.