పింఛను తీసుకునేవాళ్లు సోమరులు కారు

పింఛన్లు, ఉచిత పథకాలు జనాన్ని సోమరులను చేస్తున్నాయని మీరు ఒక వ్యాసంలో రాశారు. చదివి మనసు కష్టమై రాస్తున్నాను.

మా పెద్దమ్మకు 73 ఏళ్లు. ఊహ తెలిసినప్పటి నుంచి నాట్లు, కలుపు, మిరప కోతలు. వేలిముద్రలు అరిగిపోయి మిషన్ మీద పడవు. ఒకటో తారీఖున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పింఛను ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఒక్కో వేలూ తుడిచి తుడిచి పెట్టిస్తారు. పడేదాకా ఆమెకు టెన్షనే. చేతికొచ్చిన 4,000లో ముందు బీపీ, షుగర్ మాత్రలకు తీసి పక్కన పెడుతుంది. మిగిలింది బియ్యం డబ్బాలో దాస్తుంది. 2024 జులైలో పెరిగిన పింఛను బకాయిలతో కలిపి 7,000 అందినప్పుడు కొత్త కళ్లజోడు చేయించుకుంది. కొడుకుని అడగకుండా కొనుక్కున్నానని వీధంతా చెప్పుకుంది.

ఈ డబ్బు ఎక్కువని అనేవాళ్లు ఒకటి గమనించాలి. 80 ఏళ్లలోపు పేద వృద్ధులకు కేంద్రం ఇచ్చే వాటా ఏళ్ల తరబడి నెలకు 200 రూపాయలే. మిగతాదంతా రాష్ట్రమే భరిస్తోంది. భారం నిజమే, కాదనను. అనర్హులుంటే తప్పకుండా తీసేయండి. కానీ ఉద్యోగి పింఛనును హక్కు అంటాం, కూలి మనిషి పింఛనును మాత్రం ఉచితం అంటాం. ఇది నాకు అస్సలు మింగుడుపడదు. పొలంలో పనిచేసినవాళ్లకు పీఎఫ్ ఎవరు కట్టారు? అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా పన్ను మాత్రం వాళ్లూ కట్టారు, ఇప్పటికీ కడుతున్నారు.

ఈసారి రాసే ముందు, ఒకటో తారీఖు పొద్దున్నే ఏ ఊళ్లోనైనా ఒక అరుగు మీద కాసేపు కూర్చోండి.