సవరణ: కాలిన అడవిలో పక్షుల సంగతి

"కార్చిచ్చు తర్వాత మాడిన చెట్లు తీసేసి ఎంత త్వరగా మొక్కలు నాటితే పక్షులు అంత త్వరగా తిరిగొస్తాయి" అని ముందు పోస్టులో ఉంది. అది కొన్ని పక్షులకే వర్తిస్తుంది కాబట్టి ఆ వాక్యం తీసేశాను.

ఉత్తర అమెరికాలోని నల్లవీపు వడ్రంగిపిట్టనే చూడండి. కొత్తగా కాలిన పైన్, స్ప్రూస్ అడవులంటే దానికి పండగే. మాడి నిలబడ్డ మానుల్లో పెంకుపురుగులు గుడ్లు పెడతాయి. కలపను తొలుచుకుపోయే వాటి లార్వాలను ఈ పిట్ట పొడిచి పొడిచి లాగి తింటుంది. వీపు కూడా మసిరంగే, బొగ్గైన మానుకు అతుక్కుని ఉంటే కనిపెట్టడం కష్టం. అది తొలిచి వదిలేసిన తొర్రల్లో తర్వాత బ్లూబర్డ్‌ల లాంటివి కాపురం పెడతాయి. కొన్నేళ్లకు పురుగులు తగ్గుతాయి, వడ్రంగిపిట్టలూ వేరే చోటు చూసుకుంటాయి. కలప కోసం ఆ మానులన్నీ కొట్టేస్తే ఇదేమీ జరగదు.

అలాగని నాటడం దండగని కాదు. విత్తనమిచ్చే చెట్లు దరిదాపుల్లో మిగలని చోట అది అవసరమే. ముదురు అడవిలో బతికే పిట్టలు రావాలంటే చెట్లు మళ్లీ ఎదగాల్సిందే. కాకపోతే ఒకే జాతిని వరసలు కట్టి కిక్కిరిసేలా నాటితే పొదల్లో గూడు కట్టే పిట్టలకు చోటుండదు. అందుకే "మాడిన మానులు కొన్ని వదిలేసి, గుంపులుగా, మధ్యమధ్య ఖాళీలతో నాటాలి" అని మార్చాను. మిగతా పోస్టు యథాతథం.