నెలకి ముప్ఫై రోజులు ఎవరు పెట్టమన్నారు?

అప్పు తీరుస్తూ ఇల్లు నడపడం ఎలా అన్నదాని మీద పెద్దలు చాలా చెప్పారు. ఖర్చు తగ్గించుకోమన్నారు. ఆదాయం పెంచుకోమన్నారు. రెండూ చేతకాకపోతే కనీసం పుస్తకంలో లెక్క రాసుకోమన్నారు. రాసుకుంటే ఏమవుతుంది? పోయిన డబ్బు ఏ దారిన పోయిందో తెలుస్తుంది. తెలిశాక బాధ ఎక్కువవుతుంది గానీ డబ్బు వెనక్కి రాదు. ఇన్ని సలహాలిచ్చినవాళ్లలో ఒక్కరూ అసలు నేరస్తుడి జోలికి వెళ్లలేదు. ఆ నేరస్తుడు ప్రతి ఇంట్లోనూ గోడకి మేకు కొట్టించుకుని మరీ వేలాడుతున్నాడు. క్యాలెండర్.

నా వాదన సూటిగా చెప్తాను. జీతం చాలడం లేదన్నది ఒట్టి అపోహ. ఈఎంఐలు పోగా మిగిలింది ఇరవయ్యో తారీఖు దాకా నిక్షేపంగా సరిపోతోంది. చాలనిది ఆ తర్వాత వచ్చే పది రోజులకి. చొక్కా పొడుగైతే చొక్కాని కత్తిరిస్తాం గానీ మనిషిని సాగదీయం కదా. జీతాన్ని సాగదీయమని చెప్పేవాళ్లకి ఈ చిన్న విషయం ఎందుకు తట్టదో తెలీదు. కాబట్టి ప్రతి నెలా 21వ తారీఖు నుంచి నెలాఖరు దాకా ఉన్న రోజుల్ని రద్దు చెయ్యాలని ఇందుమూలంగా ప్రతిపాదిస్తున్నాను.

ఈ పది రోజులు ఎంత దండగో మా ఇంటి టూత్‌పేస్టుని అడిగినా చెప్తుంది. దేశాల ఆర్థిక స్థితికి ఏవేవో సూచీలుంటాయి, మాకు అదే సూచీ. నెల మొదట్లో అందరూ ట్యూబుని మధ్యలో నొక్కుతారు, బ్రష్షు నిండా పరుచుకుంటారు, పనిలో పనిగా సింకుకి కూడా కాస్త పెడతారు. పదిహేను వచ్చేసరికి కింది నుంచి మడవడం మొదలవుతుంది. ఇరవై దాటాక ట్యూబు నేల మీద పరిచి దువ్వెనతో ఒత్తుతారు. ఇరవై నాలుగున కత్తెర వస్తుంది. ట్యూబుని నిలువునా చీల్చి, లోపలి గోడలకి అంటుకున్నది బ్రష్షుతో గీకి, అది ఇంకో నాలుగు రోజులు వస్తుందని ఇంటిల్లిపాదీ సంబరపడతాం. మొదటి వారంలో సింకులో పోసింది ఉంటే ఈ అవస్థ ఉండేది కాదుగా అని ఎవరైనా అడగొచ్చు. అది వ్యక్తిగత విమర్శ. దాన్ని ఈ వ్యాసం పట్టించుకోదు.

రోజుల్ని రద్దు చెయ్యడమేమిటని నవ్వే ముందు చరిత్ర చూడండి. రోమ్ నగరాన్ని కట్టాడని చెప్పే రోములస్ పేరు మీదున్న తొలి క్యాలెండర్లో పది నెలలే ఉండేవట, మొత్తం 304 రోజులు. చలికాలంలో మిగిలిపోయిన రోజులు ఏ నెలలోకీ వచ్చేవి కావు. ఎంత నాగరికమైన ఏర్పాటో గమనించండి. ఏ నెలకీ చెందని రోజుకి తారీఖు ఉండదు. తారీఖు లేకపోతే గడువు ఉండదు. గడువు లేని రోజున ఫోన్ మోగితే అది చుట్టాలదే అయ్యుంటుంది, ధైర్యంగా ఎత్తొచ్చు. తర్వాత నూమా అనే రాజు వచ్చి ఆ ఖాళీలో జనవరి, ఫిబ్రవరి ఇరికించాడని చెప్తారు. రోమన్లు వడ్డీ కట్టే రోజు నెలలో మొదటి రోజు. అంటే ఒక్క కలం పోటుతో ఏడాదికి ఇంకో రెండు ఒకటో తారీఖులు జనం నెత్తిన రుద్దాడన్నమాట. అప్పిచ్చేవాళ్ల సంఘాలేవైనా ఉంటే ఆయన ఫోటోకి దండ వెయ్యాలి.

1582లో క్యాలెండర్ని సవరించిన పోప్ పదమూడో గ్రెగరీ నాకు మరీ దగ్గరివాడు. ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో అక్టోబర్ 4 గురువారం రాత్రి పడుకున్నవాళ్లు లేచేసరికి అక్టోబర్ 15 శుక్రవారం. పది రోజులు మాయం. నేనడుగుతున్నదీ పదే. 1752లో బ్రిటన్ సెప్టెంబర్ 2 తర్వాత 14 వేసుకుని ఏకంగా పదకొండు రోజులు మింగేసింది. అంటే రోజుల్ని ఎత్తేయడం కుదిరే పనే, చట్టబద్ధం కూడా.

ఇక్కడే నా గొంతులో వెలక్కాయ పడింది. పోప్ ఆజ్ఞలో అప్పుల గురించి విడిగా ఒక మాట ఉంది. ఈ పది రోజులు పోయినందువల్ల నెలవారీ, సంవత్సరం వారీ చెల్లింపుల్లో ఎవరికీ నష్టం రాకూడదు, తగాదా వస్తే న్యాయమూర్తులు గడువుకి పది రోజులు కలిపి చూడాలి అని. బ్రిటన్ చట్టం కూడా అద్దెలు, బాకీలు పాత లెక్కలో ఏ రోజున పడేవో ఆ రోజునే పడాలని రాసుకుంది. న్యాయంగా చెప్పాలంటే అది బాకీదారుడి మేలు కోరి పెట్టిందే, గడువు ముందే వచ్చి మీద పడకుండా. అయినా నా బాధ నాది. సూర్యుడి లెక్కనే సవరించిన మహానుభావులు వాయిదా దగ్గరికొచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆకాశంలో ఏం మారినా కట్టాల్సింది మాత్రం మారలేదు.

అప్పిచ్చేవాళ్లకి ఇలాంటి మొహమాటాలేవీ లేవు. క్యాలెండర్ మార్చుకోవడానికి వాళ్లకి పోప్ కూడా అక్కర్లేదు. కొన్ని రకాల రుణాల్లో ప్రతి నెలకీ 30 రోజులు, ఏడాదికి 360 రోజులు అని లెక్క కట్టే పద్ధతి ఉంది. ఇంకో పద్ధతి ఇంతకంటే ముచ్చటగా ఉంటుంది. వడ్డీ రేటుని 360తో భాగిస్తారు, గడిచిన రోజుల్ని మాత్రం 365 లెక్కపెడతారు. 12 శాతం అని సంతకం పెట్టినవాడు 12.17 దాకా కడతాడు. ఏడాదిలోంచి ఐదు రోజులు తీసేసి, తీసేసిన ఆ ఐదు రోజులకీ వడ్డీ వసూలు చెయ్యడం సామాన్యులకి సాధ్యమయ్యే పని కాదు. నేను నెలలో పది రోజులు తగ్గించమంటే మాత్రం పిచ్చివాడిని.

అదలా ఉంచండి. అప్పు పత్రాల వెనక జత చేసి ఇచ్చే వాయిదాల పట్టిక ఎప్పుడైనా చదివారా? ఎవరూ చదవరు, అందుకే ఇస్తారు. 12 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పు అనుకోండి. మొదటి ఈఎంఐలో నూటికి 91 వంతులు వడ్డీకే పోతుంది. అసలుకి చేరేది 9. సగం గడువు, అంటే పదేళ్లు కట్టాక సగం అప్పు తీరి ఉంటుందని ఏ అమాయకుడైనా అనుకుంటాడు. కానీ తీసుకున్న అసలు సగానికి దిగడానికి దాదాపు 15 ఏళ్లు పడుతుంది. మొత్తం పూర్తయ్యేసరికి నూరు తీసుకున్నవాడు 264 కట్టి ఉంటాడు. ఇందులో మోసమేమీ లేదు. బాకీ ఎక్కువున్నప్పుడు వడ్డీ ఎక్కువ, తగ్గాక తక్కువ, అంతే. లెక్క శుభ్రంగా ఉంది. శుభ్రమైన లెక్కతో ఇంత ఏడిపించొచ్చని తెలియడమే కాస్త ఇబ్బంది.

క్రెడిట్ కార్డు సంగతి వేరు. అది నెలాఖరు కోసమే పుట్టిన అవతారం. 21 నుంచి 30 దాకా ఇంటిని అదే పోషిస్తుంది, ఆ పుణ్యం ఊరికే పోదు. బిల్లు మీద రెండు అంకెలుంటాయి. పెద్దది కట్టాల్సిన మొత్తం. చిన్నది, ప్రేమగా రాసింది, కనీస మొత్తం. అందరికీ చిన్నదే కనబడుతుంది. నెలకి 3 శాతం అంటే ఏడాదికి 36 కదా అనుకుంటాం, వడ్డీ మీద వడ్డీ పడి అది 42 దాటుతుంది. నెలనెలా బాకీలో 5 శాతం చొప్పున కనీస మొత్తం కడుతూ, ఆ కార్డు మీద గుండుసూది కూడా కొత్తగా కొనకుండా నిగ్రహంగా ఉన్నా, బాకీ సగానికి దిగడానికి రెండున్నరేళ్ల పైనే పడుతుంది. ఆ సగం బాకీ దేనికి చేసిందో అప్పటికి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. కొన్న వస్తువు పాడై పారేసి కూడా ఏడాదై ఉంటుంది.

ఇక ఏటా అకస్మాత్తుగా వచ్చిపడే ఖర్చులు. ఇన్సూరెన్స్ ప్రీమియం ఏటా అదే నెలలో, అదే తారీఖున వస్తుంది. అయినా ప్రతి ఏడూ పిడుగు పడ్డట్టే ఉలిక్కిపడతాం. పిల్లల స్కూళ్లు ఎప్పుడు తెరుస్తారో ఏడాది ముందే తెలుసు, ఫీజు మాత్రం ఊహించని విపత్తు. బండి టైర్లు అరుగుతాయని వాటిని చూస్తే తెలుస్తుంది, అందుకే చూడం. ఇవన్నీ ఒకే నెలలో వచ్చి కూర్చున్నాక, మూలిగే నక్క మీద తాటిపండులా ఫ్రిజ్ పాడవుతుంది. అప్పుడు ఇంటాయన గంభీరంగా ఒక మాట అంటాడు: "ఈ ఒక్క నెల గడిస్తే చాలు." ఆ ఒక్క నెల ఏడాదికి కనీసం పదిసార్లు వస్తుంది. నెలవారీ బడ్జెట్ అనేది మామూలు నెలల కోసం తయారుచేసింది. మామూలు నెల ఇంకా రాలేదు.

క్యాలెండర్లో మనుషుల కష్టం తెలిసిన నెల ఒక్కటే ఉంది, ఫిబ్రవరి. అదే జీతం, 28 రోజులు. 31 రోజుల నెలతో పోలిస్తే రోజుకి పది శాతం పైగా జీతం పెరిగినట్టు. ఏ యజమానీ అంత తేలిగ్గా ఇవ్వని పెంపు అది. కానీ ఏడాదిలో 31 రోజుల నెలలు ఏడున్నాయి. పైగా జులై, ఆగస్టు వెంటవెంటనే, డిసెంబర్, జనవరి వెంటవెంటనే. వాటిని అలా పక్కపక్కన పెట్టినవాడు నెల జీతగాడు కాడని మాత్రం చెప్పగలను. 1712లో స్వీడన్‌లో ఫిబ్రవరి 30 కూడా వచ్చింది. క్యాలెండర్ని విడతలవారీగా మార్చబోయి, మధ్యలో తప్పుకుని, ఆ గందరగోళం సరిచెయ్యడానికి ఒక రోజు అదనంగా కలుపుకున్నారు. ఉన్న ఒక్క మంచి నెలనీ అలా పాడుచేసుకున్నవాళ్ల గురించి ఏం మాట్లాడతాం.

ఈ ప్రతిపాదనని పరిశీలించడానికి మా ఇంట్లో ఇద్దరు సభ్యులతో కమిటీ వేశాం. అధ్యక్షుడిగా నేను ఏకగ్రీవంగా సమర్థించాను. రెండో సభ్యురాలైన మా ఆవిడ విడిగా అసమ్మతి పత్రం ఇచ్చింది. అది పాత క్యాలెండర్ కాగితం వెనక రాసింది, ఆ ఎత్తిపొడుపు నాకు అర్థమైంది.

అందులో ఆవిడ రాసినవి చాలా చప్పటి సంగతులు. సంవత్సరం ఖర్చులన్నీ కూడి పన్నెండుతో భాగించి, ఆ భాగాన్ని జీతం పడ్డ రోజే వేరే ఖాతాలోకి తోసేస్తే ప్రీమియం పిడుగులా పడదట. అప్పుల్లో వడ్డీ ఎక్కువున్నదాన్ని ముందు తీర్చాలట, అంటే ముందు కార్డు. వాయిదా తారీఖుని జీతం పడిన మర్నాటికి మార్పించుకోవాలట. క్యాలెండర్‌తో అంత ఆడుకోవాలనుంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు నెలలని అనుకుని ఒక ఈఎంఐ అదనంగా కట్టండి, పైన చెప్పిన ఇరవయ్యేళ్ల అప్పు నాలుగేళ్లకు పైగా ముందే తీరిపోతుంది అని లెక్క వేసి మరీ చూపించింది. లెక్క నేను రెండోసారి వేశాను, తప్పు దొరకలేదు.

కానీ సిద్ధాంతపరంగా నేను ఒప్పుకోలేను. నేను నెలలో పది రోజులు తీసెయ్యాలంటుంటే ఏడాదికి ఇంకో నెల కలపమంటుందేమిటి? పైగా ఆ పదమూడో నెలకి జీతం లేదు, ఈఎంఐ ఒక్కటే ఉంది. నూమా మహారాజు కూడా ఇంత సాహసం చెయ్యలేదు. అదే మాట అన్నాను.

"సరే, మీ కొత్త క్యాలెండర్ వచ్చేదాకా ఆ కార్డు ఇలా ఇవ్వండి," అంది.

కార్డు ప్రస్తుతం రెండో సభ్యురాలి అధీనంలో ఉంది. వేరే ఖాతా కూడా తెరిచారని, అందులో ఏదో జమ అవుతోందని అధ్యక్షుడికి అనధికారికంగా తెలిసింది. వాయిదా తారీఖు మార్పు కోసం అప్పిచ్చినవాళ్లకి అధ్యక్షుడి చేతే దరఖాస్తు రాయించారు. మార్చడానికి అభ్యంతరం లేదనీ, మధ్యలో పెరిగే రోజులకి మాత్రం వడ్డీ పడుతుందనీ జవాబొచ్చింది. రోజులు పెరిగితే ఎవరికి లాభమో నేను మొదటి నుంచీ చెప్తూనే ఉన్నానని మినిట్స్‌లో రాయించుకున్నాను. పది రోజుల రద్దు మీద ఓటింగు వాయిదా పడింది. కమిటీ మళ్లీ ఫిబ్రవరిలో కలుస్తుంది, అదీ లీపు సంవత్సరం కాకపోతేనే.