లూజు సిగరెట్టే అసలు దారి

కోనసీమలో ఓ జూనియర్ కాలేజీ ఎదురుగా బడ్డీ కొట్టు. సాయంత్రం బెల్లు కొట్టగానే ఇద్దరు కుర్రాళ్లొచ్చి ఒక్క సిగరెట్టు అడిగారు. కొట్టాయన పెట్టెలోంచి ఒకటి తీసిచ్చి, పెట్టె మళ్లీ బల్ల కిందికి తోసేశాడు. గుంజకు పురికొసతో కట్టిన లైటరుతో వెలిగించుకుని, సందులోకెళ్లి ఇద్దరూ పంచుకున్నారు. ఇంటికెళ్లే ముందు చెరో పుదీనా బిళ్ల.

2016 నుంచి సిగరెట్టు పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాల్సిందే. ఆ బొమ్మని రోజంతా చూసేది కొట్టాయన. కుర్రాడి చేతికి వచ్చేది ఏ బొమ్మా లేని తెల్లటి పుల్ల. పెట్టె మొత్తం కొనాలంటే ఏ ఇంటర్ పిల్లాడైనా జేబు తడుముకుంటాడు. ఒక్కటైతే టిఫిన్ డబ్బుల్లోనే వెళ్లిపోతుంది. 13-15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని 2019 జాతీయ సర్వే తేల్చింది. వాళ్లలో పొగ తాగేవాళ్లకు దారి సులువు చేసేది ఈ లూజు అమ్మకమేనని నా నమ్మకం.

చట్టాలకు కొదవ లేదు. 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదని, విద్యాసంస్థకు 100 గజాల లోపల అసలు అమ్మకూడదని 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం చెబుతోంది. తప్పితే జరిమానా 200 రూపాయల వరకే. పిల్లలకు పొగాకు ఇస్తే ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అంటుంది 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. ఈ రెండోది ఎంతమంది కొట్లవాళ్లకు తెలుసు? ఎవరైనా వెళ్లి చెప్పారా?

మన దగ్గర ఇంకో చిక్కుంది. లంక పొగాకు పండిన నేల ఇది. 1947లోనే రాజమండ్రిలో పొగాకు పరిశోధనా కేంద్రం వెలిసింది. అరుగు మీద చుట్ట కాల్చే తాతల్ని చూస్తూ పెరిగాం. 'మా తాత చుట్ట కాలుస్తూనే తొంభై ఏళ్లు బతకలేదా' అని ఇట్టే అనేస్తాం. దవడకు పుండు పట్టి ముద్ద మింగలేక పోయిన తాతల సంగతి మాత్రం ఏ ఇంట్లోనూ ఎత్తరు. పిల్లలకు చెప్పాల్సింది ఆ కథే.

మహారాష్ట్ర 2020లోనే విడి సిగరెట్లు, బీడీల అమ్మకాన్ని నిషేధించింది. మనమూ ఆ పని చేయాలి. కొట్టాయన మీద నాకు కోపం లేదు. "నేనివ్వకపోతే పక్క కొట్లో కొనుక్కుంటాడండీ" అన్నాడు. నిజమే. అందుకే ఆ రూలు రెండు కొట్లకీ ఒకే రోజున రావాలి.