ఆ పిట్ స్టాప్ చూసి నవ్వేవాళ్లకి

పొద్దున్నే ఫోన్ తెరిస్తే మళ్లీ అదే వీడియో. 2020లో బహ్రెయిన్‌లో జరిగిన ఫార్ములా వన్ కార్ల రేసు, సఖీర్ గ్రాండ్ ప్రీ. అందులో మెర్సిడెస్ టీమ్ పిట్ స్టాప్, అంటే రేసు మధ్యలో టైర్లు మార్చడానికి కారు ఆగడం. ఆ టీమ్ డ్రైవర్ బొటాస్ కారుకి టైర్లు పెట్టడం, తీయడం, పాతవే మళ్లీ బిగించడం. వెనకాల ఎవరో సర్కస్ మ్యూజిక్ కలిపారు. కింద అందరూ పడీపడీ నవ్వుతున్నారు. నాకైతే ఒళ్లు మండిపోయింది.

ఏం తెలుసని నవ్వుతున్నారు? కోవిడ్ వచ్చి వాళ్ల ఇంకో డ్రైవర్ హామిల్టన్ ఆగిపోతే, విలియమ్స్ టీమ్ నుంచి రసెల్ అనే కుర్ర డ్రైవర్‌ని తెచ్చి ఆ కారులో కూర్చోబెట్టారు. పొడుగు మనిషి. కాళ్లు పట్టక ఒక సైజు చిన్న బూట్లు వేసుకుని నడిపాడు. బొటాస్ కంటే 0.026 సెకన్ల తేడాతో పోల్, అంటే అందరికంటే ముందు నిలబడి మొదలుపెట్టే చోటు, పోయినా, స్టార్ట్‌లోనే ముందుకి వెళ్లిపోయాడు. ఎడారిలో ఫ్లడ్‌లైట్ల కింద రేసంతా ఆ కుర్రాడిదే. 87 ల్యాపుల్లో దాదాపు పాతిక మిగిలి ఉండగా సేఫ్టీ కార్ వచ్చింది, అంటే ట్రాక్ మీద ప్రమాదం ఉందని అందర్నీ నెమ్మదిగా నడిపించే కారు.

ఇద్దర్నీ ఒకేసారి పిట్‌కి పిలవమని చెప్పింది మెకానిక్‌లా? వేసిన హార్డ్ టైర్లకి (ఎక్కువసేపు మన్నే గట్టి రకం) ఇరవై ల్యాపులు కూడా నిండలేదు. లీడ్‌లో ఉన్నారు. అక్కర్లేని స్టాప్ అది, నేను ఇప్పటికీ అదే అంటాను. పైగా అది చిన్న ట్రాక్, 3.543 కిలోమీటర్లే. పిలుపు వచ్చాక కారు వచ్చేలోపు ఊపిరి పీల్చుకునే టైమ్ ఉండదు. సరిగ్గా అప్పుడే రేడియో ఫెయిలైంది. టైర్లు తేవాల్సిన కొందరికి మెసేజ్ చేరనే లేదు. బొటాస్ కారు ముందు చక్రాలకి వేయాల్సిన టైర్లు రసెల్ కారుకి వెళ్లిపోయాయి. ఎవరి సెట్ వాళ్లకే అన్నది రూలు, కాబట్టి రసెల్ మళ్లీ రావాల్సి వచ్చింది. బొటాస్ 27 సెకన్లు నిలబడిపోయాడు. వినపడని మాటకి ఆ మనుషులు ఏం చేయాలి?

అయినా రసెల్ వదల్లేదు. ఒక్కొక్కర్నీ దాటుకుంటూ రెండో స్థానానికి వచ్చాడు. మొదటి స్థానంలో ఉన్న వేరే టీమ్ డ్రైవర్ పెరెజ్‌ని అందుకుంటాడని నేను కుర్చీ అంచున కూర్చుంటే, పంక్చర్! చివరికి తొమ్మిదో స్థానం. టైర్లు తారుమారైనందుకు టీమ్‌కి 20,000 యూరోల ఫైన్. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెరెజ్ మొదటి ల్యాప్‌లో ఆఖరికి పడిపోయి గెలిచాడు, అది గొప్ప రేసే, కాదనను. కానీ జనానికి గుర్తున్నది ఆ సర్కస్ మ్యూజిక్.

ఇది ఇవాళ్టి కోపం కాదు. 2018లో ఇదే బహ్రెయిన్‌లో, ఇలాంటి రాత్రి రేసులోనే, ఫెరారీ టీమ్ పిట్‌లో ఏమైందో మర్చిపోయారా? వాళ్ల డ్రైవర్ రైకోనెన్ కారుకి వెనక ఎడమ టైరు ఇంకా మార్చనే లేదు. అయినా వెళ్లమని గ్రీన్ లైట్ వెలిగింది. లైట్ వెలిగితే డ్రైవర్ కదులుతాడు, అది అతని తప్పు కాదు. ఆ వెనక చక్రం ముందున్న మెకానిక్ కాలు విరిగిపోయింది. టీమ్‌కి 50,000 యూరోల ఫైన్ వేశారు. అదే రోజు ఆ టీమ్ ఇంకో డ్రైవర్ వెటెల్ గెలిచాడు, పండగ చేసుకున్నారు. ఆ కాలు విరిగిన వీడియోని కూడా జోకులాగా పంపించుకున్నవాళ్లని నేను చూశాను. అప్పుడే ఇద్దరు ముగ్గురితో మాట్లాడటం మానేశాను, ఇప్పటికీ మాట్లాడను.

గెలిస్తే డ్రైవర్ గొప్ప, స్ట్రాటజీ గొప్ప. ఓడితే మాత్రం చక్రాలు బిగించే వీల్ గన్ పట్టుకున్నవాడు దొరుకుతాడు. 2020లో ఆ మెర్సిడెస్ మెకానిక్‌లు వరుసగా మూడు ఆదివారాలు రేసులు చేశారు, ఇంటికి దూరంగా, కోవిడ్ భయం మధ్య. గ్యారేజ్‌లో కారు విప్పి కట్టేది వాళ్లు, మంటలకి తట్టుకునే ఆ బరువైన సూట్ వేసుకుని దూసుకొచ్చే కారు ముందు మోకాళ్ల మీద కూర్చునేదీ వాళ్లే.

ఇంకోసారి నాకు ఆ వీడియో పంపేవాళ్లు మ్యూజిక్ తీసేసి పంపండి. ముందు మీరే ఒకసారి అలా చూడండి. పొరపాటు తెలిసిన క్షణంలో కూడా వాళ్లలో ఒక్కడూ చేతిలో పని వదిలేయలేదు.